ఐదో సందు గాలి తగాదా

మార్చి 11

ఐదో సందు: పొద్దున ఆరింటికి 19.3. మధ్యాహ్నం రెండింటికి 18.9.

ఇరవై పైన ఉండాల్సిన అంకె ఇది. నూరు పాళ్ల గాలిలో ప్రాణవాయువు ఎన్ని పాళ్లన్న లెక్క. పందొమ్మిది దిగితే పిల్లలు బడిలో పలకల మీద తల వాల్చేస్తారు. పద్దెనిమిది దిగితే పెద్దవాళ్లు నాలుగడుగులకోసారి గోడ పట్టుకుంటారు. ఫిబ్రవరి మూడున ఎంతకు దిగిందో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం నాలుగింటికి పంపు మనిషి ఓదెలు తన మంచం మీదే చచ్చిపోయి కనిపించాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఈ గాలి పుస్తకం పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. మా తాతలు బొగ్గు తవ్విన సొరంగాల్లో ఇప్పుడు నాలుగు వేలమందిమి కాపురాలుంటున్నాం. పైన ఏప్రిల్ అంటే యాభై రెండు డిగ్రీలు. రోజుకు రెండుసార్లు మీటరు పట్టుకుని ఏడు సందులూ తిరగడం, అంకె రాయడం, పుస్తకాన్ని తిరిగి కమిటీ గది గోడకు తగిలించడం నా పని. అంకె పక్కన అభిప్రాయాలెందుకని కమిటీవాళ్ల సణుగుడు. అంకెలు రాసేవాళ్లు నోరు మూసుకున్నారు కాబట్టే లోకం ఈ స్థితికొచ్చింది. నేను మూసుకోను.

ఈరోజు హిమజ కంపెనీ నోటీసు వచ్చింది. మా గాలి ఫ్యాను వాళ్లదే. కింది అంతస్తులో వాళ్ల యంత్రాల హాళ్లను చల్లబరిచేదీ అదే ఫ్యాను. జనవరిలో హాళ్లు రెట్టింపయ్యాయి, ఫ్యాను మాత్రం పెరగలేదు. ఇప్పుడు నోటీసు ఏమంటుందంటే, ఫిబ్రవరి మూడు నాటి ప్రమాదానికి నివాసుల నిర్లక్ష్యమే కారణమట. ఐదో సందు కాపురానికి పనికిరాదట. అక్కడి నలభై ఒక్క కుటుంబాలూ ఏప్రిల్ పదిహేనులోగా పైకి వెళ్లిపోవాలట.

పైకి! ఏప్రిల్‌లో! గుడారాలిస్తారట.

మార్చి 12

ఐదో సందు: 19.1, 18.8.

మా లీజులో పందొమ్మిదో షరతు ఒకటుంది. కంపెనీతో తగాదా వస్తే కోర్టుకు వెళ్లకూడదు. నోటీసు అందిన పది రోజుల్లో మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఒకటి. మధ్యవర్తిని పెట్టుకోవడం రెండోది. ఆయన ఇద్దరినీ ఒప్పించే ప్రయత్నం చేస్తాడు, తీర్పు చెప్పడు. మూడోది ఆర్బిట్రేషన్. అందులో ఆయన చెప్పిందే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. మేం ఎంచుకోకపోతే కంపెనీ ఎంచుకుంటుంది. నెత్తిన ఎండ మండుతుంటే, వెనక పిల్లలు ఏడుస్తుంటే, ఇరవై ఆరేళ్ల కింద మా పెద్దలు వేలిముద్ర వేసిన కాగితమిది. దీన్ని సమ్మతి అంటారట. నీళ్లలో మునుగుతున్నవాడు తాడు పట్టుకుంటే తాడు ధరకు ఒప్పుకున్నట్టేనా?

మొదటి దారి ఈరోజే చూశాం. కంపెనీ లా ఆఫీసర్ ఇషాన్, ఒంటిని చల్లగా ఉంచే చల్లకోటు వేసుకుని దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట మెత్తన.

"కంపెనీ మీ బాధను పూర్తిగా అర్థం చేసుకుంటోంది" అన్నాడు.

మా కమిటీ పెద్ద ఋత్విక్ తాతకు డెబ్బై తొమ్మిది. ఒకప్పుడు పంపుల సర్దార్. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"సారూ, మాట్లాడనొచ్చినవా, పలకరియ్యనొచ్చినవా? పలకరిచ్చుడైతే ఫిబ్రవరిల రావాలె."

"మాట్లాడటానికే వచ్చాను తాతగారూ."

"అయితే ఫ్యాను సంగతి జెప్పు."

"ఫ్యాను గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. గుడారాల సైజు గురించి మాట్లాడగలను."

గంటన్నర గుడారాల సైజు గురించే మాట్లాడాడు. అవతలివాడు పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు దాన్ని సంప్రదింపులు అనరు, అడుక్కోవడం అంటారు. ఓదెలు భార్య జాను గోడవారగా నిలబడి ఒక్కటే అడిగింది, "ఆనాడు ఫ్యాను ఎన్నింటికి తగ్గిచ్చిన్రు సార్?" ఇషాన్ కాగితాలు సర్దుకున్నాడు.

మార్చి 14

ఐదో సందు: 19.0, 18.8.

కమిటీలో కొట్లాట. పుట్టగొడుగులు పెంచేవాళ్ల సంఘం మోక్షిత ఆర్బిట్రేషన్‌కే పోదామంది.

"ఒక్క దెబ్బకు తేలిపోవాలె. మాటల్తోని ఏప్రిల్ దాటిపోద్ది."

"తీర్పుమనుషుల జాబితా ఎవరిది? కంపెనీది. పిల్లి చేతికి పాలకుండ ఇచ్చి న్యాయంగా పంచమంటావా?" అన్నాను.

"నీకు అందరు పిల్లులే కనబడ్తరక్కా."

"పదకొండేళ్లుగా పాలు తక్కువవుతుంటే రాస్తున్నదాన్ని, ఇంకేం కనబడతాయి?"

ఋత్విక్ తాత మాత్రం నేరుగానే మాట్లాడదామన్నాడు. ఊటనీళ్లు తోడే పంపులు మన చేతిలో ఉన్నాయి కదా, రెండు రోజులు ఆపితే నీళ్లు ముందు వాళ్ల హాళ్లలోకే చేరతాయి కదా అని. కానీ పంపులు ఆపితే లీజు రద్దు. నాలుగు వేలమందీ పైకి. అది ఆఖరి మాట, మొదటి మాట కాదు.

కంపెనీ పంపిన ఫారంలో నాలుగో గడి కూడా ఉంది, రెండూ కలిపినది. ముందు మధ్యవర్తిత్వం. అది కుదరకపోతే అదే మనిషి తీర్పు చెబుతాడు. ఈసారికి జాబితాలో ఉన్నది విశ్రాంత జడ్జి అద్వైత్ రావు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మధ్యవర్తిత్వంలో తెలిసిన విషయాలను తీర్పులో పరిగణించవచ్చు.

నేను ఆ వాక్యం చదివాను. చదవలేదని ఎవరూ అనుకోవద్దు. చదివే వాదించాను. ఈ బొగ్గు బాయిలో మా పద్ధతి కూడా అదే కదా! ఇక్కడ ఇద్దరికి తగాదా వస్తే అందరం నెత్తి మీది దీపాలు ఆర్పుకుని కూర్చుంటాం. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనపడదు, ఎవరూ అడ్డు తగలరు. ఉన్నదంతా కక్కేస్తారు. విన్న పెద్దమనిషే దీపం వెలిగించి తీర్పు చెబుతాడు. చీకట్లో అన్నమాటను మళ్లీ ఎత్తడం మా దగ్గర ఉమ్మేయదగ్గ పని. మొత్తం విన్నవాడు తీర్పు చెప్పడం కంటే మంచి ఏముంది, సగం విన్నవాడు చెబితేనే ప్రమాదం అన్నాను. గంటసేపు అన్నాను. గొంతు నాకున్నంత ఎవరికీ లేదు.

నాలుగో గడిలో టిక్కు పడింది.

మార్చి 22

ఐదో సందు: 18.9, 18.7.

అద్వైత్ రావు దిగివచ్చాడు. అరవై అయిదేళ్ల మనిషి, తెల్ల మీసం, మోకాలి నొప్పి. మా పద్ధతి చెబితే ముచ్చటపడ్డాడు.

"దీపాలు ఆర్పేద్దాం. నలభై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అన్నాడు.

ఇటు మేం అయిదుగురం, అటు ఇషాన్, ఇంకో ఇంజనీరు. ఆర్పాం. దూరంగా పంపుల చప్పుడు. తర్వాత నా పక్కనే జాను గొంతు.

"నేనొకటి జెప్తా. ఆనాడు గాలితలుపు నేనే తెరిచిన. పుట్టగొడుగుల బండి మలుపుల ఇరికింది. తలుపు మాటిమాటికి మూసుకుంటాందని రాయి పెట్టిన. రెండు దాటినంక తెరిచిన, మూడింటికి మూసిన. తలుపు తెరిస్తే గాలి అడ్డదారిల పోతది, సందులకు రాదు. నాకు తెలుసు. తెలిసే తెరిచిన. బండి దాటుడే గదా అనుకున్న. బండి చక్రం ఇరిగింది."

చీకట్లోనే ఆమె మళ్లీ అందుకుంది.

"అప్పటిదాంక గాలి మంచిగనే ఉండెనో, అప్పటికే ఆయన పోయిండో నాకు తెల్వదు. గదే తెలవాలె నాకు. మావోన్ని నేను సంపుకున్ననా, కంపెనీ సంపిందా? ఇంకేం వద్దు."

చీకట్లో మాట్లాడే వంతు తర్వాత నాది. నేను కంపెనీల గురించి మాట్లాడాను, లీజుల గురించి మాట్లాడాను. పావుగంట మాట్లాడాను. ఇషాన్ వంతు వచ్చినప్పుడు, "మేం చెప్పాల్సింది రాతపూర్వకంగా చెబుతాం" అన్నాడు.

దీపాలు వెలిగాయి. జాను మొహం తేటగా ఉంది, బరువు దింపుకున్నట్టు. ఇషాన్ ఏదో రాసుకుంటున్నాడు. చీకట్లో రాయడం వాడికి ఎలా వచ్చో!

మార్చి 24

ఐదో సందు: 18.8, 18.7.

కంపెనీ ఉత్తరం: మధ్యవర్తిత్వం విఫలమైంది. ఫారం ప్రకారం శ్రీ అద్వైత్ రావు గారిని తీర్పు చెప్పవలసిందిగా కోరుతున్నాం.

రెండే రోజులు. రాజీకి వచ్చినవాళ్లు ఒక్క ప్రతిపాదనైనా పెడతారు. వీళ్లు వినడానికి వచ్చారు, విన్నారు, వెళ్లారు.

మార్చి 29

ఐదో సందు: 18.7, 18.6. ఆర్నెల్ల పసివాణ్ణి రెండో సందులో మేనమామ ఇంటికి మార్చారు.

కంపెనీ వాదన పత్రం వచ్చింది. పదకొండు పేజీలు. నాలుగో పేజీలో జాను చెప్పింది పొల్లుపోకుండా ఉంది, రాయితో సహా. ఐదో పేజీలో నేనున్నాను.

"ఫిబ్రవరి 3 మధ్యాహ్నం రెండు గంటలకు ఐదో సందులో ప్రాణవాయువు 20.6 ఉన్నట్టు నివాసుల సొంత గాలి పుస్తకమే చెబుతోంది. కాబట్టి అప్పటికి ఫ్యాను సక్రమంగా పనిచేస్తోంది. రెండు దాటాక శ్రీమతి జాను తలుపు తెరిచారు. మరణానికి అదే కారణం. నివాసుల పుస్తకాన్ని కంపెనీ పూర్తిగా అంగీకరిస్తున్నందున, ఫ్యాను రికార్డు దాఖలు చేయవలసిన అవసరం లేదు."

కంపెనీ కోరింది: ఐదో సందు మూసివేత. జానును బాయి నుంచి శాశ్వతంగా బహిష్కరించడం.

మోక్షిత ఆ కాగితం నా ముందు పడేసింది. "చీకట్ల మాట! ఎవలక్కా ఆ గడి టిక్కు పెట్టుమన్నది?"

"నేనే."

"మరి ఇప్పుడు జెప్పు. గొంతున్నది గదా!"

చెప్పడానికి ఏమీ లేక కాదు. మా పద్ధతిలో విన్న పెద్దమనిషి మర్నాడు మన పక్కింట్లో ఉంటాడు, మన నీళ్లే తాగుతాడు, తప్పు తీర్పు చెబితే వాడి కూతురి పెళ్లికి ఎవరూ పోరు. ఆ భయమే మా పద్ధతికి ప్రాణం. పైనుంచి లిఫ్టులో దిగి లిఫ్టులో ఎక్కేవాడికి అది లేదు. అది తీసేసి పద్ధతిని మాత్రం అరువిచ్చాను. ఇంత వయసొచ్చి, ఇన్ని పుస్తకాలు చదివి!

ఏప్రిల్ 2

ఐదో సందు: 18.6, 18.5. పైన నలభై తొమ్మిది డిగ్రీలు.

నాలుగు రోజులుగా రాయాల్సిన వాక్యం ఒకటి ఉంది.

ఫిబ్రవరి మూడున రెండు గంటలకు నేను ఐదో సందుకు పోలేదు.

ఒకటో సందు టీకొట్టులో కూర్చుని కరపత్రం రాస్తున్నాను. గాలి మన హక్కు అని దాని పేరు. మంచి ఊపులో ఉన్నాను. గడియారం చూస్తే రెండున్నర. పొద్దున 20.7 ఉంది కాబట్టి రెండింటికి 20.6 ఉంటుందిలే అని రాసేశాను. పదకొండేళ్లలో అదొక్కటే. ఒక్కటే అన్నది నాకు తెలుసు, ఇంకెవరు నమ్మాలి?

ఈ ఉదయం ఋత్విక్ తాతకు చెప్పాను. 

"బిడ్డా, ఈ మాట నువ్వు జెప్తే పుస్తకం సచ్చిపోతది. పదకొండేండ్ల సంది గాలి ఎట్ల తగ్గుతాందో జెప్పనీకి మన దగ్గర గదొక్కటే ఉన్నది."

"చెప్పకపోతే జాను పోతుంది తాతా."

"ఒక్కరా, నాలుగు వేలా?"

"ఈ లెక్క కంపెనీది. మనం ఎప్పుడు నేర్చుకున్నాం?"

ఆయన లేచి పంపుల వైపు నడిచాడు. పొమ్మనలేదు, వద్దనలేదు.

జాను ఇంటికి పోయాను. పుట్టగొడుగుల బుట్టలు కడుగుతోంది. నిలబడే చెప్పాను. ఆమె బుట్ట కింద పెట్టి లేచింది.

"అంటే ఆనాడు రెండింటికి నువ్వు రాలే."

"రాలేదు."

"వచ్చి ఉంటే..."

"ఫ్యాను అప్పటికే తగ్గి ఉంటే మీటరు చెప్పేది. కేకేసేదాన్ని. ఓదెలును లేపేవాళ్లం. తగ్గకపోయి ఉంటే, నేను వచ్చినా మీటరులో తెలిసేది ఏమీ లేదు."

"అంటే నువ్వో, నేనో."

"కంపెనీ కూడా ఉంది జానూ."

"కంపెనీ ఎటూ ఉన్నది! ఎప్పుడూ ఉంటది! దాని పేరు జెప్పి నువ్వు నా ముందల నిలవడకు. చీకట్ల నేను జెప్పినప్పుడు నా పక్కనే కూసున్నవ్ గదా. నీకు నోరెందుకు రాలే?"

కింద పెట్టిన బుట్ట ఎత్తబోయాను. ఆమె లాక్కుంది.

"పో అక్కా" అంది. "పోయి గదే అక్కడ జెప్పు. వెలుగుల జెప్పు."

ఏప్రిల్ 5

ఐదో సందు: 18.5, 18.4.

విచారణ. కమిటీ గదిలోనే. ఈసారి దీపాలన్నీ వెలుగుతున్నాయి, ప్రమాణం చేయించే పుస్తకం ఉంది, మాటలు దించుకునే యంత్రం ఉంది. వెనక బల్లల మీద ఐదో సందు మొత్తం కూర్చుంది.

నేను నిలబడి చెప్పాను. పోలేదని చెప్పాను. అంకె నా ఊహ అని చెప్పాను. కరపత్రం సంగతి కూడా చెప్పాను. వెనక ఎవరో "థూ" అన్నారు. ఎవరో తెలుసు, పేరు రాయను, తప్పేమీ లేదు.

ఇషాన్ మొహం వెలిగిపోయింది. "సర్, సాక్షి స్వయంగా దొంగ అంకె రాశానంటున్నారు. కాబట్టి ఈ పుస్తకంలో ఏ అంకెకూ విలువ లేదు. పదకొండేళ్లవీ కొట్టేయాలి."

అద్వైత్ రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొట్టేద్దాం. పుస్తకం పక్కన పెట్టేశాను. అయితే ఇప్పుడు మీ దగ్గర ఏముంది?"

"తలుపు తెరిచినట్టు శ్రీమతి జాను ఒప్పుకోలు ఉంది సర్."

"తెరిచారు. తెరిచేసరికి లోపల గాలి ఎంతుంది? అది చెప్పేదేది? పుస్తకం వద్దని మీరే కదా అన్నారు."

ఇషాన్ వాదన పత్రం ఐదో పేజీకి తిప్పాడు.

"ఫ్యాను రికార్డు ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదంటే వీళ్ల పుస్తకం చాలన్నారు. ఆ పుస్తకం పోయింది. ఎల్లుండి సాయంత్రంలోగా ఫిబ్రవరి మూడు నాటి ఫ్యాను రికార్డు నా బల్ల మీద ఉండాలి. లేకపోతే లేనందుకు నేనేం అనుకోవాలో అదే అనుకుంటాను."

ఈ మనిషిని పిల్లి అన్నాను. ఇంకా చాలా అన్నాను, ముందు పేజీల్లో కొట్టేసినవి కూడా ఉన్నాయి. ఈరోజు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. అంతమాత్రాన ఆ ఫారం న్యాయమైపోదు. ఒక మంచి మనిషి దొరికాడు కదా అని చెడ్డ షరతుకు దండం పెట్టే అలవాటే మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది.

ఏప్రిల్ 7

ఐదో సందు: 18.4, 18.2. పైన యాభై ఒకటి. ఇద్దరు ముసలివాళ్లను సిలిండర్ మీద పెట్టారు.

సాయంత్రంలోగా రికార్డు రావాలి. మధ్యాహ్నమే ఇషాన్ వచ్చాడు, రికార్డు లేకుండా.

"తీర్పు రాకముందు ఇరుపక్షాలూ మాట్లాడుకుని ముగించుకోవచ్చు" అన్నాడు. ఈసారి చల్లకోటు లేదు. చెమటలు పట్టి ఉన్నాడు.

"ఇప్పుడు ఫ్యాను గురించి మాట్లాడే అధికారం వచ్చిందా బాబూ?" అని అడిగాను.

"వచ్చింది మేడమ్."

కంపెనీ ఇస్తానన్నవి: ఐదో సందుకు ఈ రాత్రి నుంచే పూర్తి గాలి. జూన్ లోపల రెండో ఫ్యాను. ఖాళీ నోటీసు వాపసు. జాను పేరు కాగితాల్లో ఎక్కడా ఉండదు. గాలి పుస్తకాన్ని ఎప్పటిలా గౌరవిస్తారు. బదులుగా ఒక్కటే కోరారు. ఫ్యాను రికార్డు ఎవరూ అడగకూడదు, ఎప్పటికీ.

నేను బల్ల గుద్దాను. "సంతకం పెట్టొద్దు! ఎందుకు దాస్తున్నారో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. తీర్పుకే పోదాం. ఓదెలు చావు బయటికి రావాలి. దేశంలో ఇట్లాంటి బాయిలు అరవై ఉన్నాయి, వాళ్లకు తెలియాలి."

"తీర్పుకు ఎన్ని దినాలు?" మోక్షిత అడిగింది.

"ఇరవై, ముప్పై."

"పద్దెనిమిది పాయింట్ రెండు. నువ్వే రాసినవ్ గదా పొద్దుగాల. ముప్పై దినాలకు ఎంతైతదో అది గూడ రాయి."

గదిలో అందరూ జాను వైపు తిరిగారు. ఆమె పేరు మీద వచ్చిన తగాదా, ఆమె ఒప్పుకోకుండా కమిటీ సంతకం పెట్టదు. ఆమె ఇషాన్‌ను చూసి అంది.

"మీరన్నయన్నీ ఇయ్యిరి. నాదొకటి. ఆ రికార్డు నేను సూడాలె. నేనొక్కదాన్నే. ఒక్కసారి."

"జానూ, ఒక్కదానివి చూస్తే ఏం లాభం?" అన్నాను. "ఇది నీ ఒక్కదాని సంగతి కాదు. అందరి సంగతి."

"అందరి సంగతే. అందరు పండుకుంటాన్రు. కండ్లు మూస్తే రాయి కనబడేది నాకొక్కదానికే." నా వైపు తిరిగింది. "నీకు కొట్లాట గావాలక్కా. నేను కాదంట లేను, ఎవరో ఒకరు కొట్లాడాలె. నాకు మాత్రం గడియారం గావాలె. ఫ్యాను ఎన్నింటికి తగ్గింది, గంతే."

"చూసి నోరు మూసుకోమంటారు."

"మూసుకుంట. ఇన్నొద్దులు తెరిచి ఏం జేసిన?"

ఇషాన్ పైకి పోయి రెండు గంటలు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. ఒప్పుకున్నారు. జాను ఒక్కతే, ఒక్కసారి, ఫోను లేకుండా, పెన్ను లేకుండా. చూసినదేదీ ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఒప్పందం మొత్తం రద్దు. ఒప్పందంలో అది ఏడో షరతు.

కమిటీ సంతకం పెట్టింది.  నేను పుస్తకం రాసేదాన్నే తప్ప కమిటీ సభ్యురాలిని కాదు కాబట్టి నన్నెవరూ అడగలేదు. అడిగితే పెట్టేదాన్ని కాదు. అది ధర్మాగ్రహమా? ఆ రికార్డు పదిమందిలో చదివితే రెండింటికి నేను రాకపోవడం వల్లే ఓదెలు పోయాడా అన్నది బయటపడుతుంది, చదవకపోతే పడదు. అయినా చదవాలనే అన్నాను. నిజంగా కోరే అన్నానో, ఒప్పుకోరని తెలిసి అన్నానో, ఈ పేజీ మీద కూడా తేల్చలేకపోతున్నాను.

ఏప్రిల్ 9

ఐదో సందు: 20.4, 20.6.

మధ్యాహ్నం అంకె మూడుసార్లు చూశాను. పిల్లలు సందులో చక్రం దొర్లిస్తున్నారు. సిలిండర్లు తీసేశారు.

పదకొండింటికి జాను ఫ్యాను గదిలోకి పోయింది. తలుపు దగ్గర ఇషాన్ నిలబడ్డాడు, బయట బండ మీద నేను కూర్చున్నాను. రమ్మని ఆమె అడగలేదు. వద్దని కూడా అనలేదు.

ఇరవై నిమిషాలు. నాకు రెండు రకాల భయం. ఆమె ఏడుస్తూ వస్తుందేమోనని ఒకటి. ఏడవకుండా వస్తుందేమోనని ఒకటి. మొదటిదైతే ఆమె జీవితమంతా మోస్తుంది. రెండోదైతే నేను మోస్తాను. ఏది రావాలని కోరుకున్నానో అడగొద్దు. మనిషిని, రెండూ కోరుకున్నాను, ఒక నిమిషం ఇది, ఒక నిమిషం అది.

వచ్చింది. మొహంలో ఏమీ లేదు. ఇషాన్ ఏదో అనబోతే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి దాటి వచ్చేసింది. నా ముందు నిలబడింది.

"ఇంట్ల ఏమన్న వండినవా అక్కా?"

"పప్పు ఉంది. అన్నం ఉంది. మామిడికాయ తొక్కు ఉంది."

"పద."

ఓదెలు పోయిన నాటినుంచి ఆమె తిండి సందులో అందరికీ తెలుసు. ఎవరు కంచం పెట్టినా రెండు మెతుకులు కదిపి నీళ్లు తాగి లేస్తుంది. దవడలు లోపలికి పోయాయి. ఈరోజు మా ఇంట్లో పీట వాల్చుకుని కూర్చుంది. మొదటి ముద్ద మెల్లగా మింగింది. తర్వాత పప్పు, తర్వాత తొక్కు, మళ్లీ అన్నం. మూడోసారి గిన్నె తనే దగ్గరికి లాక్కుంది. వేళ్లు నాకింది. ఎక్కిళ్లు వస్తే నీళ్లు తాగి మళ్లీ తింది. మధ్యలో ఒక్కసారి కళ్లెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉండుంటే బాగుండేది.

చెయ్యి కడుక్కుని, "నువ్వు తినవా?" అంది.

"తర్వాత తింటా" అన్నాను.

"తిను" అని, కొంగుతో మూతి తుడుచుకుని, అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయింది. పట్టపగలు, వెల్లకిలా, నోరు తెరుచుకుని.

ఏడో షరతును నేను నాలుగుసార్లు చదివాను. జాను నాకేమీ చెప్పలేదు. ఫ్యాను ఎన్నింటికి తగ్గిందో నాకెవరూ చెప్పలేదు, నేనడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. ఒక మనిషి కడుపునిండా అన్నం తినడం చూశాను. చూసింది రాయకూడదని ఒప్పందంలో ఎక్కడా లేదు. రాస్తున్నాను. పుస్తకం రేపు గోడ మీద ఉంటుంది, చదవగలిగిన వాళ్లందరూ చదవండి. రెండు కొట్టేసరికే ఐదో సందులో గాలి లేదు. ఫ్యాను తగ్గించింది కంపెనీ. మీటరు పట్టుకుని రావాల్సినది నేను. రాలేదు.